పీణ్యలో పెనాంగ్ పులి

ఆయుధపూజనాడు పొద్దున చిక్కమునియప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. బెంగళూరు కార్ఖానాల పేట పీణ్యలో, ఇనుము చెక్కే తన లేత్ షెడ్డులో మిషన్లకు పూజ చేయించాలి. కొత్తగా కొన్న మిషన్‌కు అన్న పెద్దమునియప్ప చేత టెంకాయ కొట్టించాలి. ఒబ్బట్లతో భోజనం పెట్టి, ఆ పైన షట్టరు దించి అందరికీ ఒక సినిమా చూపించాలి. ఇందులో కష్టమేముందని ఎవరికైనా అనిపిస్తుంది. కష్టమల్లా ఆ సినిమాలోనే ఉంది. అందులో హీరో అన్నే. అది విడుదలైన రోజు నుంచి అన్న తమ్ముడితో మాట్లాడలేదు. అప్పటికీ ఇప్పటికీ ముప్పై ఐదేళ్లు.

సినిమా పేరు 'పెనాంగ్ పులి'. దొడ్డబళ్ళాపురంలో పట్టుమగ్గాలు నడిపే పెద్దమునియప్పకు ఆ రోజుల్లో కండలు, కరాటే, గుబురు జుట్టు ఉండేవి. ఇన్ని పెట్టుకుని చీరలు నేయడం అన్యాయమని స్నేహితులు ఎక్కించారు. తీస్తే విదేశాల్లోనే తీయాలని ఆయన పట్టుబట్టాడు. చేతిలో ఉన్న డబ్బుకు విదేశాలు దొరికే దారి ఒక్కటే కనిపించింది. కెమెరామన్, డైరెక్టరుతో సహా అందరూ బ్యాంకాక్, పెనాంగ్, సింగపూర్ కలిపి చూపించే ప్యాకేజీ టూరులో చేరిపోయారు. గైడు బస్సు ఎక్కడ ఆపితే అక్కడ ఫైటు. గైడు ఈల వేస్తే విలన్ చచ్చినా చావకపోయినా బస్సెక్కాల్సిందే.

బ్యాంకాక్‌లో పడవల మీద హీరో విలన్‌ను తరుముతుంటే, వెనక పడవలో మైసూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన భార్య జామకాయలు తింటూ చెయ్యి ఊపుతూ కనిపిస్తారు. విలన్లకు మనుషులు దొరక్క అన్ని వేషాలూ చిక్కమునియప్పే వేశాడు. బ్యాంకాక్‌లో మీసంతో చచ్చాడు, సింగపూర్‌లో గడ్డంతో లేచాడు, పెనాంగ్‌లో నల్లకళ్లద్దాలతో మళ్లీ చచ్చాడు. ఇక పులి సంగతి చెప్పాలంటే, అది జనం పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి కట్టేసిన ముసలి ప్రాణి. హీరో దానితో కలియబడినంతసేపూ అది నిద్రపోతూనే ఉంది. ఫైటంతా హీరో ఒక్కడే చేసుకున్నాడు.

తల్లి వేషానికి మాట్లాడుకున్న నటి, తీరా బయల్దేరే రోజు జ్వరమని కబురు పంపింది. కొడుకులిద్దరూ సముద్రం దాటుతున్నారని బెంగపడి, రాగిపిండి మూట కట్టుకుని తోడొచ్చిన వాళ్ల అమ్మకే ఆ వేషం వేశారు. ఆమె చేయాల్సిందల్లా పెనాంగ్ సముద్రపొడ్డున ఇసుకలో పడుకుని చచ్చిపోవడం. కొడుకు ఆమె గుండెల మీద ముఖం దాచుకుని ఏడవాలి. కొడుకు నిజంగానే ఏడ్చాడు. అమ్మ మాత్రం చచ్చిపోయాక ఊరికే ఉండలేదు. ఆమె చేసిన పని చెబితే బాగుండదు, తెర మీద చూడాల్సిందే. బస్సు హారన్ మోగింది, రీలు కూడా అయిపోయింది. దాంతో సినిమాలో ఆ ముక్కే నిలిచిపోయింది.

దొడ్డబళ్ళాపురం టాకీసులో మొదటి ఆటకు ఊరంతా వచ్చింది. అమ్మ చచ్చిపోయే చోటుకు వచ్చేసరికి పెద్దమునియప్ప తన నటనకు తానే కరిగిపోయి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. తెర చూడలేదు. పక్కన కూర్చున్న చిక్కమునియప్ప చూశాడు. చూసి ఫక్కున నవ్వాడు. ఆ వెంటనే హాలంతా నవ్వింది. అన్న తువ్వాలు తీసి తమ్ముడి ముఖం చూసి, "నా ఏడుపు నీకు నవ్వులాటగా ఉండాదా" అని లేచి వెళ్లిపోయాడు. రెండో ఆటకు మనిషి లేడు. ఆ పైన ఆ సినిమా మాట ఎత్తితే పెద్దమునియప్ప కొట్టేలా చూసేవాడు, అందుకని ఊళ్లో ఎవరూ ఎత్తలేదు.

నిజం చెబితే ఒక్క నిమిషంలో తీరే గొడవ. కానీ ఇంటికొచ్చాక అమ్మ చిన్నకొడుకు చెయ్యి పట్టుకుంది. "నా వల్లనే వాని బొమ్మ చెడిపోయిందని తెలిస్తే వాని ముందర నేనెట్ల తలెత్తుకునేది. వానికి చెప్పొద్దు నాయనా" అని ఒట్టు వేయించుకుంది. చిక్కమునియప్ప తిట్లు తానే మోస్తూ మగ్గాలు వదిలి పీణ్యకు వచ్చి లేత్ పట్టాడు. పదేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు కూడా పాడె ముందు కొమ్ము అన్న పట్టాడు, వెనక కొమ్ము తమ్ముడు పట్టాడు. మాట లేదు.

మొన్నీమధ్య చిక్కమునియప్ప కూతురు సహనకు, మూసేసిన ఒక వీడియో షాపు గోదాములో ఆ సినిమా క్యాసెట్ దొరికింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చింది. ఆ రాత్రంతా చిక్కమునియప్పకు ఒకటే ఆలోచన. అమ్మకు చెప్పనని ఒట్టు వేశాడు గానీ చూపించనని వేయలేదు. అన్న ఆ ముక్క కళ్లారా చూస్తే చాలు. సహన వెళ్లి పిలిస్తే పెద్దమునియప్ప కాదనలేక సరేనన్నాడు. సినిమా సంగతి ఆయనకు చెప్పలేదు. ఇక మిగిలింది ఒకే భయం. అమ్మ ముక్క రాకముందే ఎవడైనా నవ్వాడంటే, అన్న మళ్లీ లేచి వెళ్లిపోతాడు. ఈసారి వెళ్తే మళ్లీ రాడు.

అందుకే పొద్దున్నే పనివాళ్లందరినీ నిలబెట్టి చెప్పాడు. "చూడండప్పా, సినిమా నడిచేటప్పుడు ఎవురూ నవ్వగూడదు. పండ్లు కనబడితే రేపట్నించి పనికి రావద్దు."

"ఎందుకు సార్?" అన్నాడు మేస్త్రీ బాలరాజు.

"ఎందుకని అడగొద్దు. మా అన్న ముందర నవ్వగూడదు, అంతే."

కారణం చెప్పకపోతే ఊరుకునే రకం కాదు బాలరాజు. తనకు తెలియనిది లోకంలో ఉండకూడదు. యజమాని అటు తిరగగానే అందరినీ గ్రైండర్ దగ్గరికి పిలిచాడు. "ఆయన చెప్పకపోతే నాకు తెలీదా ఏమి. మా మామకు కడుపు ఆపరేషనైనప్పుడు డాక్టరు ఇదే మాట అన్నాడు. నవ్వితే కుట్లు ఊడిపోతాయంట. పక్కనోళ్లు నవ్వితే పేషెంటుకూ నవ్వొస్తాది కదా, అందుకని వార్డంతా నోరు మూసుకోమన్నారు. పెద్దాయనకు కొత్తగా ఆపరేషనై ఉంటాది."

"ఆపరేషనైనోడు పండుగకెట్లొస్తడన్నా?" అన్నాడు నర్సింహులు. పాలమూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు.

"తమ్ముని మీద ప్రేమప్పా" అన్నాడు బాలరాజు. అందరూ తలలూపారు.

ఇంతలో చిక్కమునియప్ప భార్య మునివెంకటమ్మ గంధం, కుంకుమ పళ్లెం నర్సింహులు చేతిలో పెట్టి, "ఒక్క మిషనూ ఇడిసిపెట్టొద్దు" అని పురమాయించింది. నర్సింహులుకు చెప్పిన పని చెప్పినట్టు చేయడం అలవాటు. లేత్‌లకు పెట్టాడు, గ్రైండర్‌కు పెట్టాడు, తూకం రాయికి, సహన స్కూటరుకు కూడా పెట్టాడు. చివరికి బల్ల మీద ప్రొజెక్టర్ కనిపించింది. దాని ముఖం ఎటుందో కాసేపు వెతికాడు. ముందువైపు ఒంటికన్ను ఒకటి కనిపించింది. ఆ గాజు కన్నుకు నట్టనడుమ గంధం పూసి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాడు.

సహన చూసేసరికి పూజారి హారతి కూడా ఇచ్చేశాడు. "నాన్నా, లెన్స్ మీద కుంకుమ. స్క్రీన్ మధ్యలో ఏమీ కనిపించదు" అని తుడవబోయింది.

మునివెంకటమ్మ చెయ్యి పట్టుకుంది. "పూజైన మిషన్ను రేపు పొద్దున దాకా ముట్టేది లేదు. పోయినేడు నా మాట ఇనకుండా డ్రిల్లింగ్ మిషన్ తిప్పినారు, నరేశ్ చెయ్యి చీరుకుపోయింది."

"ఇది డ్రిల్లింగ్ మిషనా అమ్మా?"

"హారతి తీసుకుందా లేదా?"

చిక్కమునియప్ప ఇద్దరి మధ్య నిలబడి చెమట తుడుచుకున్నాడు. పండగపూట భార్యతో పెట్టుకుని గెలిచిన చరిత్ర ఆయనకు లేదు. చివరికి సహనే ఉపాయం చెప్పింది. "ముట్టుకోను. రిమోట్‌తో దూరం నుంచి ఆన్ చేస్తాను. రిమోట్‌కి పూజ చెయ్యలేదు కదా." మునివెంకటమ్మ ఆలోచించింది. శాస్త్రంలో రిమోట్ గురించి ఏమీ లేదు కాబట్టి సరేనంది.

పన్నెండు దాటాక పెద్దమునియప్ప కారు దిగాడు. జుట్టు పోయింది గానీ ఛాతీ పోలేదు. మీసానికి నల్లరంగు వేసి, తెల్లచొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. తమ్ముడి వైపు మాత్రం చూడలేదు. మరుక్షణం బాలరాజు ఒక రెక్క, పనివాడు నరేశ్ ఒక రెక్క పట్టుకున్నారు.

"మెల్లగా సార్, మెల్లగా. అడుగు చూసి పెట్టండి."

"నాకేమైందప్పా, వదలండి."

"అట్లనే అంటారు సార్ అందరూ" అని బాలరాజు ఆయన్ను మోసినంత పని చేసి కుర్చీలో దించాడు. కొత్త మిషన్ దగ్గర టెంకాయ చేతికి తీసుకోబోతే లాక్కున్నాడు. "బరువులు ఎత్తగూడదు సార్" అంటూ ఆయన తరఫున తానే కొట్టాడు. ఒకప్పుడు అరచేత్తో పెంకులు పగలగొట్టిన మనిషి పెద్దమునియప్ప. మీసం దువ్వుకున్నాడు.

ఆపరేషన్ కబురు వంటపొయ్యి దాకా పోయింది. మునివెంకటమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంత జరిగితే బావ మనకు ఒక్క మాట చెప్పి పంపలేదే" అని నొచ్చుకుని, ఆయన విస్తట్లో వేయబోయిన ఒబ్బట్టు వెనక్కి తీసేసింది. మెత్తగా ఉడికించిన గంజన్నం, ఉప్పులేని చారు వడ్డించింది. దొడ్డబళ్ళాపురం నుంచి ఒబ్బట్టు మీద ఆశతో పొద్దున ఏమీ తినకుండా వచ్చాడాయన. పక్క విస్తరిలో నర్సింహులు నెయ్యి కారుతున్న రెండో ఒబ్బట్టు మడుస్తున్నాడు.

"ఏమ్మా మునెంకటమ్మా, అందురికీ ఒబ్బట్టు, నాకు గంజా?"

"నీ మంచికే బావా. అన్నీ సర్దుకోనీ, కడుపునిండా పెడ్తా."

తమ్ముడితో రాజీ పడేదాకా ఒబ్బట్టు లేదని చెబుతున్నారని పెద్దమునియప్పకు అర్థమైంది. రక్తం మరిగింది. పిలిపించి, నలుగురిలో ముసలోడిలా మోయించి, టెంకాయ లాక్కుని, ఇప్పుడు గంజి పోసి లొంగదీస్తారా. చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా గేటు వైపు నడిచాడు.

లోపల షట్టరు దించుతున్న చిక్కమునియప్పకు అన్న వీపు కనిపించింది. షట్టరు వదిలేశాడు. సహన వైపు తిరిగి చెయ్యి ఊపాడు. సహన ఆలోచించకుండా రిమోట్ నొక్కింది.

పాత రికార్డు గరగరల మధ్య బాకాలు మోగాయి. 'దొడ్డబళ్ళాపురం సింహం, కరాటే వీరుడు మునియప్ప' అని ఒక గొంతు గర్జించింది. గేటు మీద పెట్టిన చెయ్యి ఆగింది. పెద్దమునియప్ప వెనక్కి తిరిగాడు. గోడకు కట్టిన దుప్పటి మీద, బ్యాంకాక్ వీధిలో, గుబురు జుట్టుతో ఒక కుర్రవాడు పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన కాళ్లు వాటంతటవే లోపలికి వచ్చాయి. ఎవరూ పట్టుకోకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

తెర నడుమ ఎర్రటి మచ్చ ఉంది. హీరో నడుమకు వస్తే హీరోకు ముఖం ఉండదు, విలన్ వస్తే విలన్‌కు ఉండదు. "ఆ ఎరుపేందప్పా?" అన్నాడు పెద్దమునియప్ప. "రక్తం ఎఫెక్టు సార్" అన్నాడు బాలరాజు. ఆయన తలూపాడు.

ఆ తర్వాత షెడ్డులో జరిగిన యాతన ఇంతా అంతా కాదు. తెర మీద నల్లకళ్లద్దాల విలన్ గుండెలో కత్తి దిగాక కూడా అద్దాలు పడిపోకుండా సర్దుకుంటున్నాడు. హెడ్మాస్టరు దంపతులు ప్రతి ఊరిలోనూ చెయ్యి ఊపుతున్నారు. నిద్రపోయే పులి మీంచి హీరో మూడుసార్లు పల్టీ కొట్టి, రొప్పుతూ, 'ఇక నువ్వు లేవలేవు' అన్నాడు. పనివాళ్లు పెదవులు కొరుక్కున్నారు, తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు. నరేశ్ పక్కవాడి తొడ గిల్లాడు. నర్సింహులు కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పెద్దమునియప్ప వాళ్ల ముఖాలు చూశాడు. ఇంతమంది తన నటనకు కన్నీళ్లు పెట్టుకోవడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి. నిటారుగా కూర్చున్నాడు.

చిక్కమునియప్ప తెర చూడటం లేదు. అన్నను చూస్తున్నాడు. కథ పెనాంగ్ ఒడ్డుకు చేరింది. సముద్రం కనిపించింది. ఇసుకలో ఒక నీలం చీర కనిపించింది. అమ్మ పడుకుని ఉంది. ఆమె ముఖం ఉండాల్సిన చోట, తెరకు నట్టనడుమ, కుంకుమ బొట్టు ఉంది.

ఇన్నేళ్లు మోసింది ఈ ఒక్క నిమిషం కోసం, ఇప్పుడది ఎర్రటి మచ్చ వెనక జరిగిపోతోంది. చిక్కమునియప్ప భార్య వైపు చూశాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపింది. తెర మీద కొడుకు అమ్మ గుండెల మీద వాలిపోయాడు. ఏడుపు మొదలైంది. చిక్కమునియప్ప లేచాడు. కొత్త పంచె కొంగు నాలుకతో తడి చేసుకుని, పూజ చేసిన ప్రొజెక్టర్ కన్నును గట్టిగా తుడిచాడు.

"ఏందయ్యా, హారతి తీసుకునిన..." అని మునివెంకటమ్మ లేవబోయింది. తెర మీద అత్తగారి ముఖం కనిపించింది. లేచినావిడ అట్లాగే నిలబడిపోయింది.

చచ్చిపోయిన అమ్మ ఒక కన్ను తెరిచింది. గుండెల మీద ఏడుస్తున్న కొడుకును చూసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ వాడి నడినెత్తిన మండుతోంది. ఆమె మెల్లగా కొంగు లాగి, చెయ్యి పైకెత్తి, కొడుకు తలకు నీడ పట్టింది. ఎవరైనా చూశారేమోనని కెమెరా వైపు ఒక్కసారి దొంగచూపు చూసి, కన్ను మూసి మళ్లీ చచ్చిపోయింది. చెయ్యి మాత్రం దించలేదు.

పెద్దమునియప్ప కుర్చీలో ముందుకు వంగాడు. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఏడుపనుకున్నారు. కాదు, నవ్వు. మొదట బుస్సుమని, తర్వాత పొట్ట పట్టుకుని, ఆ తర్వాత కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు.

"కుట్లు, కుట్లు ఊడిపోతాయి" అంటూ బాలరాజు ఆయన మీదికి దూకి రెండు చేతులతో పొట్ట అదిమిపట్టాడు. నరేశ్ కాళ్లు పట్టుకున్నాడు. నర్సింహులు తువ్వాలుతో నడుముకు కట్టు కట్టబోయాడు. కుర్చీ విరిగింది. కింద ముగ్గురి అడుగున పడి కూడా పెద్దమునియప్ప నవ్వు ఆపలేదు. సహన అంబులెన్సుకు ఫోన్ చేయబోయి, "ఏం కుట్లు?" అని అడిగింది. బాలరాజు ఆయన చొక్కా ఎత్తి చూపించబోయాడు. అంత పెద్ద పొట్ట మీద గీత కూడా లేదు.

"ఆపరేషన్ నాకెప్పుడైంది?" అన్నాడు పెద్దమునియప్ప, కింద నుంచే. అందరూ బాలరాజు వైపు చూశారు. బాలరాజు ప్రొజెక్టర్ వైపు చూశాడు.

లేచి దుమ్ము దులుపుకున్నాక పెద్దమునియప్పకు తమ్ముడు కనిపించాడు. పంచె కొంగు ఎర్రగా చేసుకుని, ప్రొజెక్టర్ పక్కన నిలబడి, చిక్కమునియప్ప చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అప్పుడు నవ్వినవాడు ఇప్పుడు ఏడుస్తున్నాడు. అప్పుడు ఏడ్చినవాడికి నవ్వు ఇంకా ఆగలేదు.

"ఒరే చిక్కా. నువ్వు ఆ పొద్దు నవ్విండేది దీనికా?"

చిక్కమునియప్ప కళ్లు తుడుచుకున్నాడు. "నేనేమీ చెప్పలేదన్నా. నువ్వే చూసినావు."

అన్నకు అంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పొద్దన్నారో కూడా అడగలేదు. "ఆ ముక్క ఇంకోతూరి ఎయ్యి పాపా" అన్నాడు సహనతో. మళ్లీ వేసింది. ఈసారి అందరూ నవ్వారు, పనివాళ్లు పొద్దున్నుంచీ దాచుకున్నదంతా కక్కేశారు. పెద్దమునియప్ప మాత్రం తెర దగ్గరికి నడిచి, అమ్మ ఎత్తిపట్టిన చేతి దగ్గర నిలబడ్డాడు. "నాకు ఎండ తగుల్తాదని. చచ్చిపోయి గూడా" అన్నాడు. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ముప్పై ఐదేళ్లు ఆ చెయ్యి అట్లాగే ఎత్తి ఉంది, తలకాయలే దాని కింద లేవు.

మునివెంకటమ్మ పళ్లెంలో ఒబ్బట్లు పేర్చి, నెయ్యి గిన్నెతో సహా తెచ్చి బావ చేతిలో పెట్టింది. ఆయన ఒకటి మడిచి సగం తమ్ముడికిచ్చాడు. నములుతూ తెర వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే, నా ఏడుపు చూసి నువ్వు నవ్వలేదు. మరి నిజంగా చెప్పు. బాగా ఏడ్చినానా?"

చిక్కమునియప్ప తెర చూశాడు. అక్కడ ఏడుస్తున్న అన్న భుజాలు రైలింజను పిస్టన్లలా ఎగిరెగిరి పడుతున్నాయి.

"చానా బాగా ఏడ్చినావన్నా" అన్నాడు.

ముప్పై ఐదేళ్లు నిజం దాచిపెట్టిన మనిషికి ఒక్క అబద్ధం చెప్పడం పెద్ద కష్టమేమీ కాలేదు.